కవచం విడిగా కొనవలెను

కర్ణుడు అదృష్టవంతుడు. కవచం ఒంటితోనే వచ్చింది. అది ఏ మోడలుకు సరిపోతుంది, కెమెరా దగ్గర కన్నం ఉందా, చార్జింగు పెట్టాలంటే విప్పాలా అని కుంతీదేవిని అడిగినవాళ్లు లేరు. మా ట్యాబుకు ఆ యోగం లేదు. పద్దెనిమిది వేలు పోసి తెస్తే, డబ్బాలోంచి పొట్టు తీసిన బాదంపప్పులా నున్నగా బయటికొచ్చింది. చేతిలో నిలవదు, బల్లకు ఆనించినా నిలవదు, ఒళ్లో పెట్టుకుంటే మోకాలి మీంచి జారుడుబండ ఆడుతుంది. వస్తువును జారిపోయేలా చేసి అమ్మడం ఒక వ్యాపారం. జారకుండా ఆపేదాన్ని విడిగా అమ్మడం ఇంకో వ్యాపారం. దారిలో మేకులు చల్లేది పంక్చరు కొట్టువాడేనని మా ఊళ్లో ఎప్పటినుంచో ఒక అనుమానం ఉంది. పాపం, అతనికి కూడా ఇంత పెద్ద ఆలోచన తట్టలేదు.

తొడుగుల మాటకొస్తే బందరులో మా ఇంట్లో అందరూ నిపుణులే. టీవీ రిమోటు గడప దాటిన రోజే అమ్మ దానికి పాలిథిన్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు చుట్టింది. ఆ టీవీ పోయింది, దాని తర్వాతిదీ పోయింది. పాత రిమోటు మాత్రం ఇవాళ్టికీ పెళ్లికూతురిలా ఉంది, బొత్తాల మీద అంకెలు మిలమిలలాడుతున్నాయి. ఏ టీవీకీ పనికిరాదు, అంతే. ఫ్రిజ్జు నెత్తిన లేసు గుడ్డ, మిక్సీకి గౌను, కారు కొని మూడేళ్లయినా సీట్ల మీంచి ఊడదీయని ప్లాస్టిక్కు. ఎండాకాలం ఆ సీటులోంచి లేస్తే చొక్కా సగం అక్కడే ఉండిపోతుంది. జూన్ వచ్చిందంటే పుస్తకాలకు ఖాకీ అట్టలు వేసే పండగ. అట్ట మడతల మీద చూపిన శ్రద్ధలో పావు వంతు లోపలి లెక్కల మీద చూపి ఉంటే, ఈపాటికి ఇలా ట్యాబు కేసుల మీద వ్యాసాలు రాసుకునే గతి పట్టేది కాదు.

పాతవాళ్లకు ఈ తిప్పలు లేవు. తాళపత్ర గ్రంథానికి పైన ఒక చెక్క, కింద ఒక చెక్క, ఆకుల మధ్య కన్నంలోంచి తాడు. తాడు బిగించి గుడ్డలో మూట కడితే వందల ఏళ్లు నిలిచాయి. ఇప్పుడు దాన్నే ఫ్లిప్ కవర్ అంటున్నారు. బడిపిల్లల మార్కాపురం పలకకు నాలుగు వైపులా చెక్క చట్రం ఉండేది. పలక జారితే మొదటి దెబ్బ చట్రం తినేది, రాయి వంతు తర్వాత. దాన్నిప్పుడు బంపర్ కేసు అంటున్నారు. చట్రానికి విడిగా బిల్లు వేసిన పలకల వర్తకుణ్ని నేనైతే చూడలేదు.

మా మొదటి కేసు పారదర్శకం. ట్యాబు అందం కనపడాలని మా అమ్మాయి పట్టుబట్టింది. రబ్బరుకూ ప్లాస్టిక్కుకూ మధ్యరకం పదార్థం, టీపీయూ అంటారు. కొన్నప్పుడు గాజులా ఉంది. ఎండ, వేడి తగిలేకొద్దీ ఆ జాతి ప్లాస్టిక్కు పసుపెక్కుతుంది, దాని స్వభావం అది. ఆరు నెలలకు నలుగు పెట్టిన పెళ్లికొడుకులా తయారైంది, ఎనిమిదో నెలకు కామెర్ల రోగిలా. అందం చూపించడానికని కొన్నదాని మీద అమ్మాయే స్టిక్కర్లు అంటించి కప్పేసింది.

రెండోది మా ఆవిడ ఎంపిక. తోలు కేసు. ధర చూసి నాకు అనుమానం వచ్చి, "నిజంగా తోలేనా?" అని అడిగితే అమ్మినాయన ఎంతో గౌరవంగా "వీగన్ లెదర్ అండీ" అన్నాడు. శాకాహార తోలు! ఈ మాట పుట్టించినవాడికి దండం పెట్టాలి. మా చిన్నప్పుడు దీన్ని రెగ్జిన్ అనేవాళ్లు, బస్సు సీట్లకు వేసేవాళ్లు, చూసి ముక్కు మూసుకునేవాళ్లం. అదే వంశపు ప్లాస్టిక్కు పేరు మార్చుకుని, ధర మూడింతలు చేసుకుని, జీవకారుణ్యం కూడా నేర్చుకుని తిరిగొచ్చింది. గుడ్డ మీద పూసిన పాలీయురెథేన్ పొర అది. తేమ తగిలితే ఆ పొర లోలోపలే విరుగుతుంది. సెలవులకు బందరు తీసుకెళ్లాం. సముద్రపు గాలి నెల రోజులు తగిలేసరికి మడత దగ్గర పొట్టు లేచింది. అక్కణ్నుంచి ట్యాబు ఎవరి ఒళ్లోంచి ఎవరి ఒళ్లోకి వెళ్లినా నల్లటి పొలుసులు రాలుస్తూ వెళ్లేది. అమ్మ చీపురు పట్టుకుని దాని వెనకాలే తిరిగింది. "ఒరేయ్, దీనికి చుండ్రు పట్టిందిరా" అంది.

మూడోది ఇంట్లో కూర్చుని తెప్పించాను. నాలుగున్నర నక్షత్రాలు ఉన్నాయి కదా అని. డబ్బు కట్టేశాక ఆ నక్షత్రాలు ఎక్కడ పొడిచాయో చదివాను. "ఇంకా వాడలేదు, ప్యాకింగు బాగుంది" అని ఒకాయన అయిదు చుక్కలు వేశాడు. "మా మరదలికి బహుమతిగా ఇచ్చాను, తనేమీ అనలేదు" అని ఇంకొకాయన. పార్సిలు విప్పితే కేసు దివ్యంగా ఉంది. ట్యాబు మాత్రం అందులోకి వెళ్లలేదు. మాది 8.7 అంగుళాలు, కేసు మీద రాసిందీ 8.7 అంగుళాలే. ఆ అంగుళాలు తెరకు ఈ మూల నుంచి ఆ మూలకు వేసిన కొలత. ఒంటి పొడవు, మందం, బొత్తాలు ఎక్కడున్నాయి అన్నవి ఆ అంకె చెప్పదు. ఐప్యాడ్ల సంగతే చూడండి. 2019, 2020, 2021లో వరసగా వచ్చిన ఏడు, ఎనిమిది, తొమ్మిదో తరాలు మూడూ 10.2 అంగుళాలవి, ఒకే కొలత, అన్నదమ్ముల్లా ఒక చొక్కా మార్చుకుని తొడుక్కోవచ్చు. 2022లో వచ్చిన పదో తరం 10.9 అంగుళాలు. దానికి కాస్త ముందొచ్చిన ఐప్యాడ్ ఎయిర్ కూడా 10.9 అంగుళాలే. రెండింటికీ పొడవులో తేడా ఒక మిల్లీమీటరు, మందంలో అంతకూడా లేదు. ఒకదాని చొక్కా రెండోదానికి పట్టదు. శాంసంగ్ వాళ్ల వంశవృక్షం ఇంకా ముద్దుగా ఉంటుంది. ఏ7 అంటే 10.4, ఏ7 లైట్ అంటే 8.7, ఏ8 అంటే 10.5, ఏ9 అంటే మళ్లీ 8.7, ఏ9 ప్లస్ అంటే 11. ఒకే వీధిలో వెంకట్రావు, చిన వెంకట్రావు, వెంకట్రావు ప్లస్ కాపురముంటే పోస్టుమన్ ఏం చేస్తాడు? మన ఇంటి ఉత్తరం వాళ్లింట్లో ఇచ్చిపోతాడు. ట్యాబు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉండే మోడలు నంబరు చదివి ఉంటే నాకు ఈ కథ ఉండేది కాదు. అది చదవడానికి భూతద్దం కావాలి, దానికీ ఒక కేసు ఉంటుంది. వాపసు ఇద్దామంటే గడువు ఏడు రోజులు, మేము ఊరి నుంచి వచ్చి డబ్బా విప్పింది ఎనిమిదో రోజు.

ఇక లాభం లేదని ఆలూమగలం కోఠి వెళ్లాం. మనిషి అడ్డంగా తిరిగితే గోడలకు తగిలేంత కొట్టు. నేల నుంచి కప్పు దాకా కేసులు, తాటిచెట్టుకు కల్లుముంతల్లా వేలాడుతున్నాయి. లోపల ఇరవై ఏళ్ల కుర్రాడు. మా ట్యాబు తిప్పి చూసి, రెండే సెకన్లలో మోడలు చెప్పి, పైనుంచి ఒక నల్లటి పదార్థాన్ని కిందికి లాగాడు. ట్రాక్టరు టైరును కోసి చేసినట్టుంది.

"మిలిటరీ గ్రేడ్ సార్. ఏం గాదు. గ్యారంటీ నాది."

నమ్మలేదని మొహంలో కనపడినట్టుంది. "జర ఆగుండ్రి" అని బల్ల కిందినుంచి ఒక ట్యాబు తీశాడు. నల్ల కేసులో బిగించాడు. చెయ్యి తలమీదికెత్తి వదిలేశాడు. దభీమని పడింది. మా ఆవిడ కెవ్వుమంది. కుర్రాడు దాన్ని తీసి తెర చూపించాడు, గీత లేదు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ వదిలాడు. వెనక నిలబడిన ఇద్దరు "వారెవ్వా" అన్నారు. మూడోసారి పడ్డాక నేను వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అప్పడంలా తేలికగా ఉంది. తెర మీది బొమ్మ అచ్చేసిన కాగితం. కొట్టు అద్దాల్లో చూపుకు పెట్టే డమ్మీ అది. ఒంట్లో అద్దమే లేనిది ఎన్నిసార్లు పడితే మాత్రం ఏం పగులుతుంది?

"మాది పెట్టి వెయ్యి బాబూ" అన్నాను.

కుర్రాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "రిస్క్ ఎందుకు సార్?"

ఆ మిలిటరీ ఏమిటో ఇంటికొచ్చాక తిరగేశాను. అమెరికా సైన్యానికి పరికరాల పరీక్షల పుస్తకం ఒకటుంది, మిల్-ఎస్‌టీడీ-810. 1962లో మొదలైంది. కేసుల డబ్బాల మీద ఎక్కువగా కనిపించే 810జీ 2008 నాటిది, 2019లో 810హెచ్ కూడా వచ్చేసింది. అందులో కింద పడేసే పరీక్ష ఉంది. చేత్తో మోసే పరికరాన్ని 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు వదలాలి. ఆరు ముఖాల మీద, పన్నెండు అంచుల మీద, ఎనిమిది మూలల మీద తలా ఒకసారి. వినడానికి ఘనంగానే ఉంది. ఇప్పుడు సందులు చూడండి. ఇరవయ్యారు దెబ్బలూ ఒకటే తినక్కర్లేదు, అయిదు నమూనాలకు పంచుకోవచ్చు. అంటే అయిదుగురు కూర్చుని ఒకడి పరీక్ష రాయవచ్చు. పడేది కాంక్రీటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్డు మీద. మా ఇంట్లో ఉన్నవి తాండూరు బండలు. అమ్మ ఇంట్లో బేతంచెర్ల బండలు. ప్లైవుడ్డు పరుచుకున్న తెలుగువాడి వంటిల్లు ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి చూసొస్తాను. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఏ సైన్యమూ ఏ కేసుకూ సర్టిఫికెట్టు ఇవ్వదు. ముద్ర వేసే ఆఫీసే లేదు. పరీక్ష పెట్టుకునేది తయారీదారే, పేపరు దిద్దుకునేది తనే, ఫస్టు క్లాసు వేసుకునేదీ తనే. అసలు పరీక్షే పెట్టుకోకుండా డబ్బా మీద ఆ రెండు ముక్కలు అచ్చేసుకున్నా అడిగే నాథుడు లేడు. తొమ్మిదో తరగతి అమ్మాయి జీవశాస్త్రం పాఠాలు చూసుకునే ట్యాబుకు యుద్ధభూమితో ఏం పని అని ఎవరికీ అనుమానం రాదు. కొట్లో నిలబడ్డప్పుడు నాకూ రాలేదు. ఆ మాట విన్నాక మామూలు కేసులన్నీ పిరికిపందల్లా కనిపించాయి. 1,450 ఇచ్చాను.

కుర్రాడు అక్కడితో వదల్లేదు. "గ్లాస్ గూడ ఎయ్యమంటరా? 9హెచ్ సార్. డైమండ్ తర్వాత గిదే."

ఇంజినీరింగు డ్రాయింగు క్లాసులో 2హెచ్ పెన్సిలు చెక్కుకున్నవాళ్లు ఆ హెచ్‌ను గుర్తుపట్టే ఉంటారు. అవును, అదే. పెన్సిలు. 9హెచ్ పెన్సిలుతో గీస్తే గీత పడలేదని దానర్థం, అంతకు మించి ఏమీ లేదు. వజ్రం ఉండే కొలబద్ద వేరు. దాన్ని 1812లో ఫ్రెడ్రిక్ మోస్ పెట్టాడు. అందులో వజ్రం 10, కెంపులూ నీలాలూ పుట్టే కురువిందం 9. ఆ తొమ్మిదికీ ఈ తొమ్మిదికీ బంధుత్వం లేదు, ఇంటిపేరు కలిసిందంతే. మోస్ లెక్కలో మామూలు అద్దం ఆరు దరిదాపుల్లో ఉంటుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జు 7. కాబట్టి మా అమ్మాయి మీద ఎవరైనా పెన్సిళ్లతో దండెత్తితే ఆ గ్లాసు కాపాడుతుంది. స్కూలు సంచి అడుగున ఉండే గుప్పెడు ఇసుక ముందు మాత్రం చేతులెత్తేస్తుంది. అదీ కొన్నాను. 350.

మే నెల వచ్చింది. ఆ టైరు తొడుక్కున్న ట్యాబు బరువు అరకిలో దాటింది. అమ్మాయి దాన్ని రెండు చేతులతో ఎత్తి, పొత్రంలా బల్ల మీద పెట్టి చదువుకునేది. పాఠం సగంలో తెర మసకబారి, "వేడెక్కింది, చల్లారనివ్వండి" అని అదే చెప్పేది. నిందించి లాభం లేదు. ఐప్యాడును చుట్టూ ఉన్న వేడి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నచోట వాడమని యాపిల్ వాళ్ల సూచన. 35 డిగ్రీలంటే రెంటచింతలలోనూ రామగుండంలోనూ మే నెలలో జనం చల్లగాలి వచ్చిందని వాకిట్లో మంచాలు వేసుకునే వేళ. చార్జింగు పెట్టినప్పుడు కేసులో వేడెక్కుతుంటే ముందు కేసు తీసేయమని కూడా వాళ్లే చెబుతారు. కవచం తొడుక్కోకపోతే పగిలి చావాలి, తొడుక్కుంటే ఉడికి చావాలి.

తీసేయమంటే తీశాం. రాయడానికి తేలికగా ఉంది గానీ, ఆ కేసు తీయడం ముంజెకాయ కొట్టడమంత పని. ముందు మూల ఒకటి గోటితో లేపాలి, అది పట్టు వదిలేలోగా రెండో మూల లేపాలి, ఈలోగా మొదటిది మళ్లీ పట్టుకుంటుంది. అమ్మాయి మోకాళ్ల మధ్య బిగించి రెండు బొటనవేళ్లతో లాగింది. మూడు మూలలు వచ్చాయి. నాలుగోది రాలేదు. ఇంకాస్త లాగింది. వచ్చింది. కేసు చేతిలో ఉండిపోయింది, ట్యాబు సబ్బుబిళ్లలా ఎగిరి, గాల్లో ఒక పల్టీ కొట్టి, తాండూరు బండ మీద మూల మీద పడింది.

రెండేళ్లలో అది కింద పడింది ఆ ఒక్కసారే. కేసుకు చిన్న గీత కూడా పడలేదు.

తెర మార్పించడానికి తీసుకెళ్లిన చోట మెకానిక్ పెద్దమనిషి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, పగుళ్లు ఎక్కడ మొదలయ్యాయో వేలుతో చూపించాడు. మూలలోంచి సాలెగూడులా పాకాయి. "నడుమెత్తు నుంచి పడేదానికి గింత కేసెందుకు సార్? మూలలు చూసుకోవాలె, మూలలు" అన్నాడు. ఆయన చెప్పింది నేను తర్వాత లెక్క కట్టి చూశాను. 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడ్డ వస్తువు అర సెకనులో నేలను చేరుతుంది, చేరేసరికి వేగం గంటకు 17 కిలోమీటర్లు దాటుతుంది. సైకిలు తొక్కేవాడు గోడకు గుద్దుకున్నట్టు. కేసు చేయగలిగిందల్లా ఆ గుద్దును కాస్త సాగదీయడమే. మూల దగ్గర మెత్తటి రబ్బరు మూడు నాలుగు మిల్లీమీటర్లు నలిగితే ఆ కాసేపే ప్రాణం నిలుపుతుంది. గట్టి ప్లాస్టిక్కు నలగదు, దెబ్బను మర్యాదగా లోపలికి పంపిస్తుంది. తెర కంటే కేసు అంచు ఓ మిల్లీమీటరో రెండో ఎత్తుగా ఉంటే బోర్లా పడ్డా అద్దం నేలకు ఆనదు. ఇంతే శాస్త్రం. ఈ రెండూ డబ్బా మీద రాసి ఉండవు. బొటనవేలితో మూల నొక్కి చూడాలి, కేసును బల్ల మీద బోర్లించి పక్కనుంచి సందు చూడాలి. ఆయన దగ్గర ఆ రోజు కుప్పగా పడి ఉన్న ట్యాబుల్లో చాలావాటికి మధ్యలో నొక్కు ఉంది. "ఇవి పడ్డవి గావు. బ్యాగుల నలిగినవి" అన్నాడు. పుస్తకాల పక్కన స్టీలు టిఫిను డబ్బా, దాని మీద నీళ్లసీసా, వాటి మీద బస్సులో కూర్చున్న ఇంకో పిల్లాడు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచినప్పుడు అవి వెళ్లిన యుద్ధభూమి అదే. దానికి సరిపడే పరీక్ష, పప్పుచారు డబ్బా పరీక్ష, ఏ సైన్యం పుస్తకంలోనూ లేదు.

తెరకు ఏడున్నర వేలు అడిగాడు. వారంటీలో పడదా అన్నాను. ఆయన నవ్వలేదు, అలవాటైపోయి ఉంటుంది. కింద పడితే వారంటీ ఉండదన్నది ఆ కాగితంలో ఎప్పుడూ ఉండే మాటే, ఎప్పుడూ ఎవరూ చదవని మాటే.

గ్యారంటీ నాది అన్న కుర్రాడు గుర్తొచ్చి కోఠి వెళ్లాను. విషయమంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. నిజంగానే బాధపడ్డాడు కూడా.

"కేసుల ఉన్నంత సేపు ఏం గాలే గద సార్? బయటికెందుకు తీసిన్రు?"

నా దగ్గర జవాబు లేదు. వేడి సంగతి చెబితే ఇంకోటి చూపించాడు, వెనకవైపు గాలికి కన్నాలున్నది, 1,900. కొనలేదు.

ట్యాబు ఇప్పుడు అమ్మ కుట్టి పంపిన గలీబులో ఉంటోంది. పాత తువ్వాలు రెండు పొరలు, నోటి దగ్గర ఒక గుండీ. చదువుకునేటప్పుడు అమ్మాయి బయటికి తీస్తుంది, అయ్యాక లోపల పెడుతుంది. మురికైతే ఉతికితే పోతుంది, పొట్టు మాత్రం లేవదు.

కేసులు నాలుగూ అటక మీద ఉన్నాయి. పసుపుది, చుండ్రుది, ఎవరికీ పట్టనిది, మిలిటరీది. కావాల్సినవాళ్లు ఆదివారం వచ్చి పట్టుకెళ్లండి, డబ్బులొద్దు. ఏ ట్యాబుకు సరిపోతాయని మాత్రం నన్నడక్కండి.